ఎయిర్ ఫోర్స్ డే: మన హైదరాబాదీ దళాధిపతి
భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. అందుకే ఏటా ఆ రోజు పరేడ్, విమాన విన్యాసాలతో ఎయిర్ ఫోర్స్ డే జరుపుతారు. 1933లో కరాచీలో తొలి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు ఉన్నవి నాలుగు వాపిటీ విమానాలే.

1947లో దేశంతో పాటు ఈ దళమూ రెండు ముక్కలైంది. ముస్లిం అధికారులు ఇటా, అటా తేల్చుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ భారత్‌లోనే ఉండిపోయారు. ఆయనే 1978లో వైమానిక దళాధిపతి అయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి ముస్లిం ఆయన. జాగ్వార్ యుద్ధవిమానాలు ఆయన హయాంలోనే వచ్చాయి. 1981లో రిటైరయ్యాక మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేశారు. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివే పిల్లలకు ఎన్‌డీఏ పరీక్ష ద్వారా ఈ దారి ఇప్పుడూ తెరిచే ఉంది. ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉన్నది మన దుండిగల్‌లోనే.