క్రెడిట్: అప్పు నుంచి కర్బనం దాకా

'క్రెడిట్' మూలం లాటిన్‌లోని 'క్రెడెరే'. నమ్మడం అని అర్థం. నమ్మి ఇచ్చే అప్పుకు వ్యాపారంలో అదే పేరు నిలిచింది. మన సహకార సంఘాల్లో అది 'పరపతి' అయింది. ఆ మాటకు అప్పు, పలుకుబడి రెండూ అర్థాలే. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన 'కార్బన్ క్రెడిట్' అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాన్ని తగ్గించినట్టు లేదా గాలి నుంచి తొలగించినట్టు ఇచ్చే ధ్రువీకరణ.

ఉదాహరణకు, బ్యాంకాక్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిప్పడం వల్ల తగ్గిన ఉద్గారాలకు వచ్చిన క్రెడిట్లను పారిస్ వాతావరణ ఒప్పందం 6వ అధికరణం కింద స్విట్జర్లాండ్‌కు బదిలీ చేశారు. ఆ టన్నులు స్విట్జర్లాండ్ ఖాతాలో జమ అయ్యాయి. థాయ్‌లాండ్ వాటిని తన ఉద్గారాల తగ్గింపు లక్ష్యం లెక్కలో చూపకూడదు. ఒకే టన్నును రెండు దేశాలూ చెప్పుకుంటే భూమికి ఒరిగేదేమీ లేదు. లెక్క నిక్కచ్చిగా ఉంటేనే 'క్రెడిట్' అనే మాటకు విలువ.