ఎలుగుగొడ్డు – తోటరైతు

అడవులదీవి పేరులోనే అడవి కలదు. అయితే నిజాంపట్నం తీరమందలి అడవి మడ అడవి. ఉప్పునీటికి, పోటుపాటులకు ఓర్చి నిలిచిన ఆ చెట్ల నడుమ ఎలుగుగొడ్డునకు తావు లేదు. తీరగ్రామముల వారు ఎరిగిన ఎలుగు, ఆడించువాని త్రాడు వెంట వీధులలోనికి వచ్చినదే. దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి మెడలో కట్టినచో పిల్లలకు జడుపు పోవునని తల్లులు నమ్మెడివారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప ఆ ఆట క్రమముగా అంతరించెను. వీధిలో ఆడిన ఎలుగు సాధుజంతువు కాదు. కోరలు ఊడబెరికి, ముట్టెకు త్రాడు గ్రుచ్చి లొంగదీసిన ప్రాణి. స్వేచ్ఛగా తిరుగు ఎలుగు చెంత సేద్యము చేయుట ఎట్టిదో తెలియవలెనన్న ఇదే సముద్రపు ఒడ్డున, ఉత్తరపు కొసనున్న ఉద్దానమును చూడవలెను.

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములను ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస అచటి ప్రజల జీవనాధారము. పడమట మహేంద్రగిరి పంక్తి, చిన్న చిన్న కొండలు, తూర్పున సముద్రము. కొండలపై పొదలు తరిగి, క్వారీల తవ్వకములు పెరిగినకొలది ఎలుగులకు నెలవులు కరవయ్యెను. దట్టమైన తోటలే వాటికి అడవులాయెను. 2013లో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఆ తోటలను కూడ కూల్చెను. రైతు జీవనాధారము, ఎలుగు నీడ ఒక్కమారే నేలబడినవి.

ఎలుగునకు ప్రియమైన ఆహారము చెదలు, చీమలు, తేనె, పండ్లు. పైదవడ ముందు పండ్లు రెండు లేకపోవుటచే అది పుట్టను గోళ్లతో త్రవ్వి, ఆ సందు గుండ చెదలను పీల్చుకొనును. వాసన పట్టుటలో మిక్కిలి నేర్పరి. చూపు, వినికిడి అంతంతమాత్రము. ఈ లోపమే రైతునకు ముప్పు తెచ్చుచున్నది. మనిషి దగ్గరకు వచ్చువరకు అది గమనింపదు. గమనించిన క్షణమున బెదరి మీద పడును. పిల్లలను వీపున మోయు తల్లి ఎలుగు మరింత ప్రమాదకారి. జీడిపండ్లు రాలి, పనస మాగు వేసవిలో మనిషి, మృగము ఒకే చెట్టు క్రిందికి చేరుదురు.

2018 జూన్‌లో సోంపేట మండలము ఎర్రముక్కాములో ఎలుగు దాడి వలన ప్రాణనష్టము కలిగెను. ఆగ్రహించిన జనులు దానిని చంపిరి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఒక రైతు మరణించెను. మరునాడు పలువురు గాయపడిరి. అటవీశాఖవారు మత్తుమందు సూదితో ఆ ఎలుగును పట్టిరి గాని అదియు బ్రతుకలేదు. రెండు తావులందును మనిషియు పోయెను, మృగమును పోయెను.

ఈ అనుభవముల నుండి నేర్వవలసిన జాగ్రత్తలు కష్టమైనవి కావు. తెల్లవారుజామున, మునిమాపున ఒంటరిగా తోటకు పోరాదు. వెళ్లక తప్పనిచో నలుగురు కలసి, దీపము పట్టి, బిగ్గరగా మాటాడుచు నడువవలెను. అలికిడి విన్న ఎలుగు ముందే తొలగిపోవును. రాలిన పండ్లను ఇంటి చెంత కుప్పలుగా నుంచరాదు. గుడులలో నూనె, ప్రసాదము రాత్రివేళ తలుపు తీసి విడువరాదు. ఎలుగు ఎదురైనచో పరుగెత్తరాదు. అది మనిషి కంటె వేగముగా పరుగెత్తును. చెట్టెక్కుటయు వ్యర్థము; అదియు ఎక్కగలదు. దానికి దారి విడిచి మెల్లగా వెనుకకు తగ్గవలెను. మీదపడినచో బోర్లపడుకొని, వ్రేళ్లు పెనవేసి మెడను కప్పుకొని కదలక యుండుట మేలు. గాయములు ఎక్కువగా తలకు, ముఖమునకే తగులును.

అన్నిటికంటె ముఖ్యమైనది గుంపు విషయము. ఊరిలోనికి ఎలుగు వచ్చినదన్న వార్త వినగానే జనము కర్రలతో చుట్టుముట్టుదురు. పారిపోవు దారి మూసికొన్న మృగము ఎదుటివానిపై దూకును. దారి విడిచి, పిల్లలను ఇండ్లలో నుంచి, అటవీశాఖకు కబురంపుటయే ధైర్యవంతుల లక్షణము. మనిషిని కాపాడు జాగ్రత్తయే ఎలుగును కూడ కాపాడును. రెంటికి వేరువేరు ఉపాయములు లేవని ఉద్దానపు రైతు ఎంతో వెల యిచ్చి నేర్చికొనెను. ఆ వెల ఇంకొక ఊరు చెల్లింపకుండుటకే ఈ చరిత్రను తెలిసికొనవలెను.