పిల్లల హాస్పిస్‌లో సంగీత చికిత్స

నయంకాని జబ్బులున్న పిల్లలకూ, వాళ్ల ఇంటివాళ్లకూ అందించే ఉపశమన సంరక్షణలో భాగంగా, శిక్షణ పొందిన మ్యూజిక్ థెరపిస్టు చేసే పనిని సంగీత చికిత్స అంటారు. పండగపూట వార్డులో పెట్టే పాటకచేరీ దీని కిందికి రాదు.

నేటి హాస్పిస్ పద్ధతికి 1967లో సిసిలీ సాండర్స్ లండన్‌లో ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఆద్యం. పిల్లల కోసమే పెట్టిన మొదటి హాస్పిస్ ఆక్స్‌ఫర్డ్‌లోని హెలెన్ హౌస్ (1982). మెదడులో కణితితో మంచాన పడ్డ ఒక పసిపాపను, తల్లిదండ్రులకు కాస్త తెరిపి దొరకాలని, సిస్టర్ ఫ్రాన్సెస్ డొమినికా అప్పుడప్పుడూ తన దగ్గర ఉంచుకుని చూసుకునేవారు. ఆ స్నేహంలోంచే హెలెన్ హౌస్ పుట్టింది. హాస్పిస్ అనగానే ఆఖరి రోజులు గుర్తొస్తాయి గానీ, పిల్లల విషయంలో అది సగం నిజమే. కండరాల క్షీణత, జన్యులోపాల వంటి జబ్బులతో ఏళ్ల తరబడి బతికే పిల్లలు నాలుగు రోజులుండి ఇంటికెళ్తారు, మళ్లీ వస్తారు. పిల్లల ఉపశమన సంరక్షణ జబ్బు బయటపడ్డప్పుడే మొదలవాలనీ, మందులు నడుస్తున్నా సాగాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998 నిర్వచనం చెబుతోంది.

బ్రిటన్‌లోని పిల్లల హాస్పిస్‌లలో సంగీత చికిత్స వేళ్లూనడానికి జెస్సీస్ ఫండ్ అనే సంస్థ చాలా తోడ్పడింది. కణితి జబ్బుతో కూతుర్ని పోగొట్టుకున్న సంగీతకారుల జంట 1995లో దీన్ని నెలకొల్పింది. ఆ హాస్పిస్‌లలో పనిచేసిన థెరపిస్టుల అనుభవాలు 2005లో పుస్తకంగా వచ్చాయి.

పని తీరు పైకి తేలిగ్గానే కనిపిస్తుంది. మాట రాని, చేయి సరిగా లేవని పిల్లవాడి ఒళ్లో ఓషన్ డ్రమ్ పెడతారు. లోపల సన్నటి లోహపు గుళ్లుంటాయి, వేలితో కొద్దిగా వంచినా అల విరిగినట్టు చప్పుడవుతుంది. థెరపిస్టు ఆ చప్పుడు కోసం ఆగి, దానికే గిటార్‌తో బదులిస్తారు. పిల్లవాడు ఆపితే తనూ ఆపుతారు. సూదులు, ట్యూబులు, మందుల వేళలు అన్నీ పెద్దవాళ్లే నిర్ణయించే ఆ రోజులో, వాడి మాట చెల్లేది ఈ కాసేపే. ఆయాసపడుతున్న బిడ్డ దగ్గరైతే, ముందు ఆ ఊపిరి వేగానికి తగ్గట్టే వాయించి, తర్వాత లయను మెల్లగా తగ్గిస్తారు.

ఇంటివాళ్లదీ ఇందులో వాటా ఉంది. అందరి చూపూ జబ్బుపిల్ల మీదే ఉండటంతో వెనకబడిపోయే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఈ ఆటలో మళ్లీ కలుస్తారు. కొన్నిచోట్ల బిడ్డ గుండె చప్పుడు రికార్డు చేసి, దానిమీద పాట కట్టి తల్లిదండ్రులకిస్తారు.

రుజువుల మాటకొస్తే, హాస్పిస్ పిల్లలపై జరిగిన పరిశోధనలు చిన్నవి. తక్కువమంది పిల్లలు, వేర్వేరు జబ్బులు, నిలకడలేని ఆరోగ్యం కావడంతో పోల్చిచూడటం కష్టం. దగ్గరి రంగంలో పెద్దది 2013 నాటి అమెరికా అధ్యయనం: నెలలు నిండకుండా పుట్టిన 272 మంది శిశువుల్లో సంగీతం గుండె వేగంపైనా, నిద్రపైనా మంచి ప్రభావం చూపింది, కన్నవాళ్ల ఆందోళనా తగ్గింది.

నొప్పితో మెలికలు తిరిగే పిల్లకు పాట ఎక్కదు, ముందు మార్ఫిన్ అందాలి. మన దేశంలో దాని సరఫరాకున్న చిక్కులను సడలిస్తూ మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు ఉపశమన సంరక్షణ అందుతోంది. జీతమిచ్చి మ్యూజిక్ థెరపిస్టును పెట్టుకునే ఆసుపత్రులు మాత్రం తెలుగునాట అరుదు.