తెరచాప పడవలో దీవుల టూర్: ప్లేస్ చెప్పండి.. లేదా డేట్ చెప్పండి.. రెండూ కుదరవు! ఫ్రెండ్స్‌తో వెళ్లేముందు ఇవి తెలుసుకోండి

వీకెండ్ వస్తే చాలు.. హైదరాబాద్ నుంచి కార్లు అనంతగిరి గుట్టల వైపు కదులుతాయి. కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ చేసి, ఫొటోలు దిగి, చీకటి పడేలోపు ఇంటికి చేరతారు. వికారాబాద్, తాండూరు యూత్‌లో చాలామంది మొదటిసారి తెడ్డు పట్టింది కూడా అక్కడే. ఇక ఫోన్‌లో అండమాన్, మారిషస్, థాయ్‌లాండ్ దీవుల మధ్య తెల్లటి తెరచాప పడవల వీడియోలు చూసి.. "మన బ్యాచ్ కూడా ఒకసారి ఇలా వెళ్తే?" అనుకోనివాళ్లు ఉండరు. వెళ్లొచ్చు. కానీ ఇది గంట లెక్కన చేసే బోటింగ్ కాదు. మరి సెయిలింగ్ యాట్ ప్రయాణం ఎలా ఉంటుంది? ఎక్కడ తేడా వస్తుంది? తెలుసుకుందాం.

యాట్ అంటే ఏంటి?

గాలితో నడిచే పడవే సెయిలింగ్ యాట్. దీవులు తిరిగేవి ఎక్కువగా 35 నుంచి 50 అడుగుల పొడవు ఉంటాయి. లోపల చిన్న గదులు, వంటగది, టాయిలెట్ ఉంటాయి. ఒంటి పొట్టు పడవలకు అడుగున బరువైన కీల్ ఉంటుంది. గాలికి పడవ ఒరిగినా తిరగబడకుండా కాపాడేది అదే. రేవులోకి రావడానికి, గాలి లేనప్పుడు నడపడానికి ఒక ఇంజిన్ కూడా ఉంటుంది.

వేగం మాత్రం 5, 6 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. అంటే దాదాపు సైకిల్ స్పీడే. తాండూరు నుంచి హైదరాబాద్‌కు ఉన్నంత దూరం యాట్‌లో వెళ్లాలంటే పగలంతా పడుతుంది. పైగా గాలి ఎదురుగా వస్తుంటే నేరుగా పోలేం. అటు కొంత, ఇటు కొంత వంకర్లు తిరుగుతూ వెళ్లాలి. దూరం, టైమ్ రెండూ పెరుగుతాయి.

అసలు రూల్ ఇదే

యాట్ల మీద ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు, తమ దగ్గరికి వచ్చే చుట్టాలకు, స్నేహితులకు ఒక మాట చెబుతారు. 'ఎక్కడ కలవాలో మీరు చెప్పండి.. లేదా ఎప్పుడు కలవాలో చెప్పండి.. రెండూ మాత్రం చెప్పొద్దు.' వినడానికి జోక్‌లా ఉంటుంది. కానీ ప్రాణాలు నిలిపే మాట ఇది.

ఎందుకంటే గెస్ట్ చేతిలో రిటర్న్ ఫ్లైట్ టికెట్ ఉంటుంది. సోమవారం ఆఫీసు ఉంటుంది. వాతావరణం బాగోలేదని తెలిసినా, "పాపం వీళ్ల ఫ్లైట్ మిస్ అవుతుంది" అని కెప్టెన్ లంగరు ఎత్తేస్తాడు. సముద్రంలో తప్పుడు నిర్ణయాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. అందుకే ప్రయాణం చివర్లో రెండు, మూడు రోజులు ఖాళీగా పెట్టుకోవాలి. టికెట్ మార్చుకునే వీలుండాలి.

ఇది కొత్తవాళ్ల సమస్య మాత్రమే కాదు. 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా నేవీ అధికారులు 'ఐఎన్ఎస్‌వీ తారిణి' తెరచాప పడవలో గోవా నుంచి ప్రపంచయాత్రకు బయల్దేరారు. వాళ్లలో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలే. విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ముందు అనుకున్న మజిలీలు నాలుగు: ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ దెబ్బతినడంతో ప్లాన్‌లో లేని మారిషస్‌లో ఆగారు. రిపేర్ అయ్యాకే కదిలారు. 254 రోజుల తర్వాత 2018 మే 21న గోవా చేరారు. అంత ట్రైనింగ్ ఉన్నవాళ్లే ఆగాల్సిన చోట ఆగారు. సెలవు మీద వెళ్లే మనం ఆగకపోతే ఎలా?

ఎప్పుడు వెళ్లాలి?

* అండమాన్: డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు అనుకూలం. బంగాళాఖాతంలో మే నెలలో, మళ్లీ అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య తుఫాన్ల భయం ఉంటుంది. కాబట్టి డిసెంబర్‌లో వెళ్తే వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూడాల్సిందే.
* మారిషస్: భూమధ్యరేఖకు దిగువన ఉంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. అక్కడ నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు తుఫాన్ల సీజన్.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్‌కు యాట్‌లో మామూలుగా ఆరు గంటలు పడుతుంది. నార్త్ సెంటినెల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ల లోపలికి పోవడం నిషేధం. లక్షద్వీప్‌కు అయితే మన దేశం వాళ్లకూ పర్మిట్ కావాలి. ఇంకో మాట.. పగడాలు చట్టం ప్రకారం రక్షిత జీవులు. ముక్క తెచ్చుకున్నా కేసే. లంగరు కూడా ఇసుక మీదే వేయాలి, పగడాల మీద కాదు.

పడవ మీద గెస్ట్ కాదు.. పనివాడే

హోటల్‌లా కూర్చుంటే కుదరదు. తాడు లాగాలి, వంట చేయాలి, రాత్రి ప్రయాణమైతే వంతులవారీగా కాపలా కాయాలి.

* సూట్‌కేస్ వద్దు. మడతపెట్టి దాచేందుకు వీలైన మెత్తటి బ్యాగ్ చాలు.
* మంచినీళ్లు ట్యాంక్‌లో ఉన్నంతే. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో మాత్రం మంచినీళ్లతో కడుగుతారు.
* టాయిలెట్ చేతి పంపుతో నడుస్తుంది. అందులో వేరే ఏది పడేసినా జామ్ అవుతుంది.
* వాంతులు వచ్చేవాళ్లు ముందే డాక్టర్‌ను అడిగి మాత్ర వేసుకోవాలి. లోపల పడుకోకుండా పైన కూర్చుని దూరంగా నీళ్లు, ఆకాశం కలిసే చోటును చూస్తుంటే తేలిక పడుతుంది.

తిండి విషయంలో మనకు ఇబ్బందే లేదు. కందిపప్పు, చింతపండు, ఆవకాయ.. ఫ్రిజ్ లేకపోయినా పాడవవు. జీఐ ట్యాగ్ ఉన్న మన తాండూరు కందిపప్పు ఒక మూట పట్టుకెళ్తే సరి. గంట ముందు నానబెట్టి కుక్కర్‌లో వేస్తే గ్యాస్ కూడా కలిసొస్తుంది.

సేఫ్టీ దగ్గర మొహమాటం వద్దు

నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయని నమ్మొద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగి పదుల మంది చనిపోయారు. 2025 జూన్‌లో మన వికారాబాద్ దగ్గరే, సర్పన్‌పల్లి ప్రాజెక్టులో పడవ బోల్తా పడి ఇద్దరు మహిళా పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు. చెరువైనా సముద్రమైనా అడగాల్సినవి ఇవే:

* అందరికీ సరిపోయే లైఫ్ జాకెట్లు ఉన్నాయా? పిల్లల సైజు ఉందా?
* నడిపేవాళ్లకు సర్టిఫికెట్ ఉందా?
* రేడియో పనిచేస్తోందా? ఈరోజు వాతావరణం ఎవరు చూశారు?
* ఎవరైనా నీళ్లలో పడితే ఏం చేయాలో చెప్పారా? ఒకరు చూపు తిప్పకుండా ఆ మనిషి వైపు వేలు చూపిస్తూనే ఉండాలి. అలల్లో తల కనిపించకుండా పోవడానికి క్షణం చాలు.

నేర్చుకోవాలంటే..

సముద్రం దాకా పోనక్కర్లేదు. హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, సికింద్రాబాద్ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఏళ్లుగా సెయిలింగ్ చేయిస్తున్నాయి. చిన్న పడవలో గాలిని అర్థం చేసుకున్నాకే పెద్ద యాట్ గురించి ఆలోచించాలి. మొదటి టూర్‌కు మాత్రం కెప్టెన్‌తో సహా యాట్ అద్దెకు తీసుకోవడమే మంచిది.

అనంతగిరిలో పుట్టిన మూసీ, తాండూరు మీదుగా పారే కాగ్నా.. రెండూ దారులు వేరైనా చివరకు కృష్ణలో కలిసి బంగాళాఖాతం చేరతాయి. మన నీళ్లకు సముద్రం కొత్త కాదు. మనకే కొత్త. కాబట్టి బుకింగ్ చేసేముందు బ్యాచ్ అంతా కూర్చుని ఒకటి తేల్చుకోండి: "కెప్టెన్ ఈరోజు వద్దంటే.. ఫ్లైట్ పోయినా సరే, ఆగుతామా?" అందరూ సరే అంటేనే టికెట్లు తీయండి.