శాడిల్ పీక్ అడవిని ఎవరు కాపాడారు?

భారతదేశ పటం తీసి బంగాళాఖాతంలో చూడండి. అండమాన్ దీవుల వరుసలో ఉత్తరపు కొసన డిగ్లీపూర్ కనిపిస్తుంది. ఆ ఊరికి దక్షిణాన సముద్రపు ఒడ్డునుంచే లేచినట్లుండే కొండ పేరు శాడిల్ పీక్. ఎత్తు సుమారు 730 మీటర్లు. మన తిరుమల కొండకంటే తక్కువే గాని, అండమాన్ దీవులన్నిటిలో ఇదే ఎత్తయిన శిఖరం. దాని చుట్టూ ఉన్న దాదాపు 33 చదరపు కిలోమీటర్ల దట్టమైన అడవి నేడు జాతీయ పార్కు.

మనిషి అడుగు పడని అడవి అని ఇలాంటి చోట్ల గురించి వింటుంటాం. శాడిల్ పీక్ విషయంలో అది నిజమేనా? చరిత్ర పుటలు తిరగేసి చూద్దాం.

కొండ పుట్టుక

బర్మాలోని అరకాన్ పర్వతశ్రేణి దక్షిణంగా సాగి సముద్రంలో మునిగిపోతుంది. నీటిపై తేలిన దాని శిఖరాలే అండమాన్ దీవులు. భారత ఫలకం తూర్పున బర్మా ఫలకం కిందికి చొచ్చుకుపోతున్నప్పుడు, ఒకప్పటి సముద్రగర్భపు శిలలు నలిగి పైకి లేచాయి. శాడిల్ పీక్‌లో అలాంటి శిలలున్నాయి. ఆ కదలిక ఇంకా ఆగలేదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి, కొన్నిచోట్ల పగడపు దిబ్బలు నీటి బయట పడ్డాయి.

మొదటి నివాసులు

ఈ అడవి ఖాళీగా ఎప్పుడూ లేదు. వేల ఏళ్లుగా ఇక్కడ గ్రేట్ అండమానీయులు వేటాడుతూ, చేపలు పడుతూ, తేనె సేకరిస్తూ బతికారు. వారిలో పది తెగలుండేవి. తమ దేవుడు పులుగ ఒకప్పుడు ఈ కొండ శిఖరం మీదే నివసించాడని వారిలో కొందరు చెప్పుకొనేవారు.

దోమల విజయం

1789లో ఈస్టిండియా కంపెనీ నావికాధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దక్షిణ అండమాన్‌లో ఒక వలస స్థావరం నెలకొల్పాడు. 1792లో దాన్ని ఉత్తర అండమాన్‌కు, డిగ్లీపూర్‌కు దగ్గరలోని రేవుకు మార్చారు. దానికి పోర్ట్ కార్న్‌వాలిస్ అని పేరు. నౌకలకు చక్కని ఆశ్రయమే! కాని జ్వరాలు మనుషుల్ని పొట్టన పెట్టుకున్నాయి. నాలుగేళ్లకే, 1796లో, స్థావరాన్ని ఎత్తివేశారు.

అడవి చెడుగాలే జ్వరాలకు కారణమని నాటివారి నమ్మకం. మలేరియాను దోమలు మోసుకొస్తాయని రుజువు కావడానికి మరో వందేళ్లు పట్టింది. ఆ పరిశోధన 1897లో మన సికింద్రాబాద్‌లోనే జరిగింది. చేసినవాడు రోనాల్డ్ రాస్. అంటే శాడిల్ పీక్ అడవికి ఆ రోజుల్లో కాపలా కాసింది చట్టం కాదు, జ్వరం!

వ్యాధి మారింది

బ్రిటిషువారు మళ్లీ వచ్చారు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మారింది) ఖైదీల స్థావరం వెలిసింది. ఈసారి వ్యాధి అవతలి పక్షాన్ని దెబ్బతీసింది. దీవివాసులు ఎన్నడూ ఎరుగని తట్టు వంటి రోగాలను ఎదుర్కొనే శక్తి వారి శరీరాలకు లేదు. 1877లో వచ్చిన తట్టు చాలామందిని బలిగొంది. ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 జనాభా లెక్కల నాటికి 19 మంది! 1970 ప్రాంతంలో వారిని స్ట్రెయిట్ ద్వీపానికి తరలించారు. అడవి 'ఖాళీ' అయింది ఇలాగే.

ఖాళీ అడవి కలపవ్యాపారానికి గనిలా కనిపించింది. ఇక్కడి పడౌక్ చెట్టు మన శేషాచలం ఎర్రచందనానికి దాయాది. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. పడౌక్, గర్జన్ మానులను నరికి, ఏనుగులతో లాగించి ఓడలకెక్కించారు. 1950 దశకంలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు డిగ్లీపూర్ పరిసరాల్లో అడవి నరికి భూములిచ్చారు. సర్వస్వం పోగొట్టుకుని వచ్చినవారు బతకాలి కదా!

అయినా నిటారు వాలుల శాడిల్ పీక్ మిగిలింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని జాతీయ పార్కు చేయడానికి దారి చూపింది. దీవుల నుంచి బయటికి పంపడానికి సహజారణ్యాల్లో చెట్లు నరకడం ఆపాలని 2002 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మిగిలినది, పోయినది

మిగిలిన అడవి ఏం ఇస్తున్నదో చూడండి. కల్పాంగ్ నది పుట్టేది శాడిల్ పీక్‌లోనే. కుండపోత వానను అడవి నేల పీల్చుకుని, ఊటలుగా కొద్దికొద్దిగా వదులుతుంది. 2001 నుంచి కల్పాంగ్ నీటితో 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నడుస్తున్నది. ఆ దీవుల్లో 2011 లెక్కల ప్రకారం ప్రతి 100 మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. కనుక ఈ అడవి మనకూ పరాయిది కాదు.

మరి పోయినది? 2010 జనవరి 26న బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూసింది. ఉత్తర అండమాన్‌కు చెందిన బో భాష మాట్లాడేవారిలో ఆమే చివరిది. భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బి ఆ మాటల్లో కొన్నిటినైనా రికార్డు చేయగలిగారు. మిగతావి ఇక ఎవరికీ తెలియవు.

చట్టం చెట్లను కాపాడగలిగింది. ఆ చెట్లను పేరుపెట్టి పిలిచినవారిని కాపాడలేకపోయింది. ఇకమీదట ఏ అడవినైనా 'ఎవరూ లేనిది' అని ఎవరైనా అంటే, మీరు ఒక్క ప్రశ్న వేయండి: ఎప్పటినుంచి లేరు? ఎందుకు లేరు?