పసిబిడ్డ మరణం: మెదడు స్కాన్‌ను ఎంతవరకు నమ్మాలి?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో పసిబిడ్డ అనుమానాస్పదంగా చనిపోతే పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 194 కింద పంచనామా చేసి, మృతదేహాన్ని సాధారణంగా ఉస్మానియా మార్చురీకి తరలిస్తారు. 2021లో ఢిల్లీ ఎయిమ్స్‌లో వర్చువల్ అటాప్సీ మొదలైనప్పటి నుంచి, కోత లేకుండా స్కాన్‌తోనే కారణం తేలుతుందన్న ఆశ తల్లిదండ్రుల్లో పెరిగింది. మెదడు విషయంలో ఆ ఆశకు హద్దులున్నాయి.

ప్రాణం పోయాక రక్తం కిందికి దిగుతుంది. వెల్లకిలా ఉంచిన బిడ్డ తలలో వెనకవైపు సిరలు సీటీలో తెల్లగా మెరుస్తాయి. శిశువు మెదడులో నీరు ఎక్కువ కాబట్టి అది నల్లగా కనిపిస్తుంది, దాని పక్కన ఆ తెలుపు మరింత కొట్టొచ్చినట్టుంటుంది. అనుభవం లేని కన్ను దాన్ని మెదడు పొరల కింద రక్తస్రావం అనుకుంటుంది. గంటలు గడిచేకొద్దీ మెదడులోని బూడిద, తెలుపు భాగాల మధ్య తేడా చెరిగిపోతుంది. అది బతికుండగా వచ్చిన వాపేనని చెప్పేయడం తొందరపాటు. ఎమ్మారైలో ఇంకో చిక్కు: ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని దేహంలో సిగ్నలే మారిపోతుంది.

నిజంగా రక్తం ఉన్నా, ఎవరో కొట్టారనో, ఊపారనో రుజువైనట్టు కాదు. 2008లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఏ లక్షణాలూ లేని 101 మంది నవజాత శిశువులకు ఎమ్మారై తీస్తే 46 మందిలో ఇలాంటి రక్తస్రావం కనిపించింది. మళ్లీ పరీక్షించిన వారిలో మూడు నెలలకల్లా కరిగిపోయింది. కాబట్టి బిడ్డ వయసు కీలకం. విటమిన్ కె లోపం, గ్లూటారిక్ అసిడూరియా వంటి జన్యు వ్యాధి కూడా రక్తస్రావం తేగలవు. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో జన్యు వ్యాధి గురించి తప్పక అడగాలి. అలాగని హింస జరగదని కాదు. పక్కటెముకల విరుగుళ్లు, కంటి తెర పరీక్ష, ఇంట్లోవాళ్ల వాంగ్మూలం అన్నీ కలిపి చూడాలి.

2013లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం 400 పిండాలు, పిల్లల మరణాలను పరిశీలించింది. ఎమ్మారైకి రక్తపరీక్షల వంటివి జోడిస్తే 89.3 శాతం సందర్భాల్లో మరణ కారణం లేదా ప్రధాన లోపం మామూలు పోస్టుమార్టంతో సరిపోయింది. ఏడాది దాటిన పిల్లల్లో మాత్రం 28లో 15కే సరిపోయింది. ఇది కేవలం మెదడు లెక్క కాదు. అయినా కోతను పక్కనపెట్టే ధైర్యం ఈ అంకెలు ఇవ్వవు.

దర్యాప్తు అధికారులకు నా విన్నపం: బిడ్డను మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో బతికుండగా తీసిన సీటీ ఉంటే ఫిల్మ్ కాపీతో సరిపెట్టుకోకండి, అసలు డిజిటల్ స్కాన్ ఫైళ్లు (డైకామ్) ఆ రోజే స్వాధీనం చేసుకోండి. మరణ సమయం, దేహం ఉన్న భంగిమ, ఫ్రిజ్‌లో ఉంచిన గంటలు పంచనామాలో రాసి, స్కాన్ చదివే డాక్టరుకు పంపండి.