కోనసముద్రపు కమ్మరి

పుదుచ్చేరిలో కూర్చుండి తావెర్నియే యాత్రాగ్రంథమును ఫ్రెంచి మూలమున చదువుచుండగా ఒకచోట నా కన్ను ఆగినది. 1676లో ప్యారిసున వెలువడిన ఆ గ్రంథమునందు, పారసీకమున మేలి ఖడ్గములకు వలయు ఉక్కు గోలకొండ రాజ్యమునుండి వచ్చునని వ్రాయబడి యున్నది. వజ్రములు వెదకికొనుచు వచ్చిన వర్తకుడు ఉక్కును మరువకుండుట విశేషమే.

ఆ ఉక్కునకు పుట్టినిండ్లలో ముఖ్యమైనది కోనసముద్రము. నిజామాబాదు జిల్లాలో కమ్మరపల్లి చెంతనున్న గ్రామమిది; ఆ పొరుగూరి పేరులోనే కమ్మరి యున్నాడు. భూగర్భశాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ అచట చూచిన విధానము, ఆయన మరణానంతరము 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చైనది. రెండు తావుల ఇనుమును పాళ్లుగా కలిపి, మూసలో నుంచి, మట్టితో మూసి, బొగ్గుల కొలిమిలో కరగింతురు. చల్లారిన ముద్దకు మరల మట్టి పూసి పలుమార్లు కాచినగాని అది సుత్తికి లొంగదు. కర్బనము హెచ్చగుటచే వేడిమి మించెనా, దెబ్బకు పగిలిపోవును. ఈ సరకునకై ఇస్ఫహాను వర్తకుడొకడు స్వయముగా అచటికి వచ్చి నిలిచెను. అతని పేరు గ్రంథస్థమైనది. కాచినవాని పేరు?

జపానులో కథ వేరు. ఇనుప ఇసుకను మూడు పగళ్లు మూడు రాత్రులు కరగించి, వచ్చిన ఉక్కును మడతలు పెట్టి సాగగొట్టిన కమ్మరి, పిడిలో దాగు భాగమున తన పేరు చెక్కుకొనును. 17వ శతాబ్ది తొలిపాదమున తొకుగావా ఇయెయాసు కొలువులోని యాసుత్సుగు, తన పేరుతోబాటు ‘నన్‌బాన్ తెత్సు’, అనగా పరదేశపు ఇనుము, వాడితినని కూడ చెక్కెను. డచ్చివారు మన మచిలీపట్నమునుండి ఇనుమును, ఉక్కును ఓడల కెత్తిన శతాబ్దియే అది. అంతమాత్రమున ఆ కత్తులలో కోనసముద్రమున్నదని వాదించుట నాకు సమ్మతము కాదు. 1876లో ఆ దేశమున కత్తి ధరించుట నిషిద్ధమైనది. అయినను పేర్లు నిలిచినవి.

మన కావ్యములలో కత్తి దూసిన రాజునకు పద్యములు కొల్లలు. కత్తి కాచినవానికి అరుదు. 1795లో లండను రాయల్ సొసైటీలో చదువబడిన వ్యాసమున ‘వూట్జ్’ అను పేరు కనబడును. అది తెలుగు కన్నడములకు రెంటికిని సొంతమైన ‘ఉక్కు’ యొక్క వికృతియే అందురు. మాట సముద్రము దాటినది, మనిషి దాటలేదు.

చవుక యూరపు ఉక్కు వచ్చి, ఖడ్గములకు గిరాకి పోయి, కొలుములు చల్లారినవి. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామములు తిరిగి చిట్టెపు కుప్పలను, మూస పెంకులను పరిశీలించిరి. మూసమట్టిలో కలిపిన వరిఊక కాలిపోయి, దాని అచ్చులు మాత్రము మిగిలియున్నవి.